అలిగిన చుక్క

బీడీలు చేసే మనిషికి ఆకాశంతో పనేముంటుంది? పొద్దున చాట ఒళ్ళో పెట్టుకుని తల వంచిందంటే మళ్ళీ ఎత్తేది మెడ పట్టేసినప్పుడే. ఆకు కత్తిరించాలి, తంబాకు పోయాలి, చుట్టాలి, దారం కట్టాలి, మూతి ముడవాలి. వెయ్యి బీడీలైతే వెయ్యిసార్లు ఇదే వరస. కథలాపూర్‌కు రెండు మైళ్ళ దూరంలో ఉన్న ఆ ఊళ్ళో రేణుక ఇరవై ఏళ్ళుగా ఇట్లా తల వంచుకునే బతుకుతోంది. కాకపోతే చివరి ఆరేళ్ళ వంపులో కొంత పంతం కూడా ఉంది. చీకటి పడ్డాక చాట పక్కన పెట్టి వాకిట్లోకి వచ్చినా ఆమె పైకి చూడదు. ఒక చుక్క మీద ఆమెకు కోపం. చెబితే నవ్విపోతారని ఎవరికీ చెప్పలేదు.

ఆ కోపం సంగతి తెలియాలంటే ముందు పెత్రమాస సంగతి తెలియాలి. అది పోయినవాళ్ళ ఆకలి తీర్చే అమావాస్య. ఇంటింటా వాళ్ళ పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం, పప్పు, సొరకాయో బీరకాయో ఇస్తారు. పేరు పెట్టి పిలిస్తే వాళ్ళు వచ్చి తిని పోతారని నమ్మకం. ఆ సాయంత్రమే బతుకమ్మ మొదలవుతుంది. పొద్దున పోయినవాళ్ళకు అన్నం, మాపటికి పువ్వులు.

"పెత్రమాసకు ఇంక పది రోజులే ఉన్నది పిల్లా," అంది అత్త సత్తవ్వ, గడప మీద కూర్చుని వక్క నములుతూ.

"ఎర్కే అత్తా. మామకు, పెద్దమామకు ఇచ్చుడే గదా."

"గీసారి వానికి సుత ఇద్దాం."

రేణుక వేళ్ళ మధ్య ఆకు చిరిగింది.

"ఎవలికి?"

"నా నోట్లెకెల్లి అనిపియ్యకు. ఆరేండ్లాయె ఫోన్ లేక. ఉంటే సల్లగుండనీ. లేకపోతే ఏందే? అందరికి కూడు దొరికిన రోజు నా కొడుకు ఆకలి మీద తిరుగుతుండు గద."

"ఉంటే? ఉన్న మనిషి పేరు పోయినోళ్ళల్ల కలిపితే ఏమైతది అత్తా?"

సత్తవ్వ వక్క నమలడం ఆపింది. బతికున్నవాడి పేరు మీద బియ్యమిస్తే వాడి ఆయుష్షును తామే కోసినట్టని ఆమెకూ తెలుసు. పోయి ఉంటే ఆరేళ్ళ ఆకలి, ఉండి ఉంటే గండం. కన్నతల్లి ఒక భయం పట్టుకుంది, కట్టుకున్నది ఇంకొక భయం పట్టుకుంది. రేణుక భయంలో స్వార్థం లేదా అంటే ఉంది, దాచడమెందుకు. బియ్యం ఇచ్చిన మరుక్షణం మెడలో పుస్తె, నుదుటి బొట్టు తీసేయమంటారు. నలభై ఏళ్ళు నిండని మనిషి, చేతి గాజులు చూసుకుని ఆ రాత్రి చాలాసేపు నిద్రపోలేదు.

బియ్యం ఇవ్వవలసింది మరిది హన్మండ్లు. అతను కులవృత్తి కల్లుగీత వదిలి సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేస్తున్నాడు. పండుగకు ముందురోజు వస్తానన్నాడు. ఫోన్లో మాత్రం ఒకటే మాట అన్నాడు. "వదినె ఏమంటే గదే. ఆమె సై అనకుంట నేను అన్న పేరు ఎత్త."

అంటే తీర్పు రేణుక మీదే పడింది. పది రోజుల గడువు.

* * *

ఆమె భర్త అంజయ్య తాళ్ళెక్కేవాడు, అంటే తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఈ పేరు మనం అంటున్నాం గాని రేణుక ఎన్నడూ అనలేదు. 'దీపోళ్ళ నాయిన' అంటుంది. రేషన్ దుకాణంలో అడిగితే కార్డు ముందుకు జరిపేది. భర్త తప్పిపోయాడని జగిత్యాలలో దరఖాస్తు ఇచ్చినప్పుడు, "పేరు చెప్పమ్మా" అని అక్కడి సారు నాలుగుసార్లు గద్దిస్తే, చెమటలు పట్టి, బిడ్డ దీపను మోచేత్తో పొడిచింది. ఆ పిల్ల సిగ్గుపడుతూ చెప్పింది. మొగుని పేరు నోటితో అంటే వాడికి కీడని రేణుకకు వాళ్ళ అమ్మ నేర్పింది, అంతకుమించి ఆలోచించలేదు.

అంజయ్యది మంచి చెయ్యి. చెట్టు అతన్ని చూసి కల్లు ఎక్కువ ఇస్తుందని ఊళ్ళో అనేవాళ్ళు. మనిషికి ఉన్న జబ్బల్లా అలక. కూరలో ఉప్పు తక్కువైందని కాదు, తక్కువైందంటే రేణుక నవ్విందని అలుగుతాడు. అలిగితే నేల మీద ఉండడు, నడుముకు మోకుతాడు వేసుకుని తాటిచెట్టెక్కి మట్టల్లో కూర్చుంటాడు. పెళ్ళైన కొత్తలో ఒక సాయంత్రం అట్లా ఎక్కినవాడు, చీకటి పడ్డాక తనే దిగివచ్చి, ఆమె చెయ్యి పట్టుకుని చేను గట్టు దాకా తీసుకుపోయాడు.

"గటు చూడు. దక్షిణం దిక్కు. గా గుంపు చుక్కలు పిల్లలకోడి, దానికి కిందికెల్లి, జర కుడి పక్కకు. ఎర్రగ లేదా?"

ఉంది. చిన్న ఎర్ర చుక్క.

"మా తాత దాన్ని అలిగిన చుక్క అనెటోడు. నాలుగు నెలలు ఉంటది. ఎవలో ఏదో అన్నట్టు ముడుచుకుంట ముడుచుకుంట పోతది. మళ్ళ పదకొండో నెలల తనే అస్తది. తాళ్ళెక్కేటోళ్ళకే ఎర్క గీ ముచ్చట. కిందున్నోళ్ళకు ఏం కనబడ్తది?"

"నీ చుట్టమేనా?" అంది రేణుక. అతను నవ్వాడు, అలక తీరింది.

రెండువేల ఎనిమిది కార్తీకంలో అతను సౌదీకి పోయేనాడు కూడా ఆ చుక్క నిండుగా ఉంది. వానలు లేక, చెట్లు ఎండి, కల్లు తాగేవాళ్ళు మందు సీసాలకు మళ్ళి, ఊళ్ళో సగం మంది మగవాళ్ళు అప్పటికే దేశం దాటి ఉన్నారు. రెండేళ్ళ వీసా. బస్సెక్కేముందు గుడ్డి వెలుతురులో పైకి చూపించి అన్నాడు. "గది పోయి రెండుసార్లు అస్తది చూడు. రెండోసారి అచ్చినంక నేనస్త. గంతే, ఎక్కువేం లేదు."

మొదటిసారి వచ్చింది. చాట దించి వాకిట్లోకి రాగానే కనబడింది. ఎంత సంతోషమో, పదేళ్ళ దీపను ఎత్తుకుని చూపించింది. రెండోసారి వచ్చింది, కొంచెం రాత్రి పొద్దుపోయాక. అతను రాలేదు. పని ఇచ్చిన కంపెనీ మూతపడింది, పాస్‌పోర్టు వాళ్ళ దగ్గరే ఇరుక్కుంది. ఆకలికి తాళలేక అతను బయటపడి ఖల్లివల్లి అయ్యాడు. కాయిదాలు లేకుండా దొంగచాటుగా పనిచేసేవాళ్ళను అక్కడ అట్లా అంటారు. ఎక్కడో ఖర్జూరపు తోటలో పని దొరికింది. "ఈడ సుత చెట్లెక్కుడే," అని ఫోన్లో నవ్వాడు. "ఎండకు ముందే ఎక్కాలె. మూడింటికి లేపుతరు."

మూడోసారి చుక్క రావలసిన నెలల్లో మబ్బులు. నాలుగోసారీ మబ్బులే. ఆ తర్వాతి ఏడు జూన్‌లో, తొలకరి తెచ్చే మిరుగం కార్తె వచ్చిన మరునాడు, పొద్దున ఆరున్నరకు ఫోన్ మోగింది. ఆ ఫోన్ రేణుకకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఈ ఆరేళ్ళలో ఆమె దాన్ని ఎన్నిసార్లు వినలేదు గనక!

"ఈడ ఇంకా తెల్లారలే. చెట్టు మీదికెల్లే మాట్లాడుతున్న," అన్నాడు. వెనక గాలి చప్పుడు. "గవర్నమెంటోళ్ళు మాఫీ ఇచ్చిండ్రు. కాయిదాలు లేనోళ్ళు పోయి నిలబడ్తే జుర్మానా లేకుంట ఇంటికి పంపుతరట. మస్తుమంది పోతున్నరు."

"నువ్వు?"

అతను అడిగాడు. "చుక్క అచ్చిందా?"

రేణుక రోజూ సాయంత్రం చూస్తూనే ఉంది. అబద్ధం ఎందుకు చెప్పాలి? "రాలే," అంది. "నిన్న మాపటికి సుత చూసిన. రాలే."

"రాలేదా?"

"లేదు."

గాలి చప్పుడు. "మంచిది అయితే," అన్నాడు. "ఇంక గిన్ని రోజులు చూస్త."

అదే ఆఖరు. తర్వాత ఆ నంబరుకు ఎన్నిసార్లు చేసినా అరబ్బీలో ఒక ఆడగొంతు ఏదో చెప్పి పెట్టేసేది. ఆ చుక్క ఒక్కటి సమయానికి వచ్చి ఉంటే మనిషి ఇంటికొచ్చేవాడు. రేణుక కోపం ఇదీ. ఆ సాయంత్రం నుంచి ఆమె తల ఎత్తలేదు.

* * *

బీడీలు అప్పగించడానికి వారానికోసారి కోరుట్లకు పోవాలి. ఆ వారం పోయినప్పుడు దీప గడియారం కూడా సంచిలో వేసుకుంది. దీప జగిత్యాలలో నర్సు చదువు చదువుతోంది, గడియారం ఆగిపోయిందని పంపింది. బస్టాండు వెనక సందులో హబీబుద్దీన్ దుకాణం ఉంది. డెబ్బై దాటిన మనిషి, కంటికి గాజుబిళ్ళ పెట్టుకుని, ఊపిరి బిగబట్టి పనిచేస్తాడు. ఆయన కూడా సౌదీలో పద్దెనిమిదేళ్ళు ఎడారిలో కావలి ఉండి వచ్చినవాడే.

ఆయన గడియారం విప్పుతుంటే రేణుక గోడకేసి చూసింది. పాత క్యాలెండర్ వెనక్కి తిప్పి మేకుకు కొట్టి ఉంది. దాని మీద నల్ల చుక్కలు. ఆరు చిన్న చుక్కలు గుంపుగా ఒక దగ్గర ఉన్నాయి. వాటికి కిందుగా, కుడిపక్కన, ఎర్ర సిరాతో ఒకటి.

ఆమె వేలితో దాన్ని చూపించింది. "చాచా, గిది అచ్చిపోయే చుక్కేనా?"

హబీబుద్దీన్ చేతిలో పట్టుకారు ఆగింది. గాజుబిళ్ళ తీసి ఆమెను చూశాడు. ఈ దుకాణంలో ఇన్నేళ్ళలో ఆ బొమ్మ గురించి అడిగినవాళ్ళు ఇద్దరే. ఇద్దరూ కోళ్ళఫారం లెక్కేమో అనుకున్నారు.

"నీకెట్ల ఎర్క బిడ్డా?"

"మా ఇంట్ల తాళ్ళెక్కెటోళ్ళు."

"అచ్ఛా!" ఆయన ముఖం చిన్నపిల్లవాడిలా వెలిగింది. గడియారం పక్కకు జరిగింది, ఇక అదెప్పుడు బాగవుతుందో దేవుడికే తెలియాలి. ఎడారిలో రాత్రులు తోచక ఒక ఈజిప్టు ఇంజనీరు దగ్గర నేర్చుకున్నానని చెప్పాడు. వచ్చినప్పటి నుంచి ఇక్కడ మిద్దె మీద నుంచి ఆ ఒక్క చుక్కనే చూస్తున్నాడు. మబ్బులేని ప్రతి రోజూ అది ఎంత ఉందో రాసిపెడతాడు. "గది శానా పెద్దది బేటీ. మన సూర్యుణ్ణి వందలసార్లు నింపచ్చు దాంట్ల. ముసల్ది. ఊపిరి తీస్తది. ఉబ్బుతది, ముడుచుకుంటది. ఒక్క ఊపిరికి పదకొండు నెలలు."

రేణుకకు వాకిలి అరుగు మీద చీకట్లో బీడీ తాగే ముసలివాళ్ళు గుర్తొచ్చారు. దమ్ము లాగినప్పుడు కొన ఎర్రగా అవుతుంది, వదిలితే మనిషే కనబడడు. ఎవరో అంత పెద్ద మనిషి, అంత తీరికగా, అక్కడ కూర్చుని ఉన్నాడన్నమాట.

"మరి కొన్నేండ్లు అస్తనే రాకపాయె?"

"అస్తది. పదకొండు నెలలంటే ఏటా ఒక నెల ముందుకు జరుగుతది గదా? జరిగి జరిగి ఎండకాలానికి అస్తది. అప్పుడు సూర్యుని పక్కన నిలబడ్తది, పట్టపగలు. మనకు కనబడది. అచ్చి, ఉండి, పోతది."

రేణుక రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. "ఆరేండ్ల కింద. మిరుగం తెల్లారి. ఉండెనా?"

ఆయన ఎందుకని అడగలేదు. అలమర అడుగు నుంచి అట్టలూడిన నోటు పుస్తకం తీసి, కుడి నుంచి ఎడమకు వేలితో వెతుక్కుంటూ పోయి, ఒకచోట ఆగాడు.

"ఉండె. సూర్యునికన్న ముందు లేస్తుండె. పొద్దుగాల నమాజుకు లేచి చూసిన. తూర్పున, కిందికి. సాఫ్‌గ. పక్కన పెద్ద చుక్కకన్న జర తక్కువ, చిన్నదానికన్న ఎక్కువ. గిదిగో, రాసి ఉన్నది."

"నేను మాపటికి చూసిన చాచా," అంది రేణుక. "రోజు మాపటికే చూసిన. ఆయన నాకు మాపటికి చూపెట్టిండు. గందుకే మాపటికి చూసిన."

తర్వాత అంతా చెప్పింది. ఎవరికీ చెప్పనిది, గడియారాల టిక్కుటిక్కుల మధ్య, సగం తెలిసిన ముసలాయనకు చెప్పింది. ఆయన ఓదార్చలేదు. ఖల్లివల్లి అనే మాట వచ్చినప్పుడు మాత్రం కళ్ళు మూసుకున్నాడు. చివరికి కుర్చీ కింద నుంచి తోలు సంచిలో ఉన్న దుర్బీన్, దూరానివి దగ్గరగా చూపే జంట అద్దాలు, తీసి ఆమె ముందు పెట్టాడు.

"గిప్పుడు మళ్ళ లేస్తున్నది. పెత్రమాసకు చంద్రుడుండడు. నాలుగు కొట్టినంక చూడు, పిల్లలకోడి నెత్తి మీదికెల్లి పడమటికి వాలుతది. ఇది ఇంకా సన్నగ ఉంటది, వెతకాలె. ఒక్క ముచ్చట యాదికుంచుకో. ఎర్ర చుక్క మీద చూపు నిలపద్దు. కన్ను మోసం చేస్తది. చూసినకొద్ది ఎక్కువ కనబడ్తది. నిజం తెల్వాల్నంటే ఒకసారి చూడు, చూపు తిప్పు. పక్క చుక్కల్ని చూడు. ఎంత ఉన్నదో గంతే అను."

"నాకెందుకు చాచా? గిప్పుడు ఉన్నా లేకున్నా."

"గది నాకెర్కలేదు," అన్నాడు హబీబుద్దీన్. "గని ఆరేండ్లు దాని మీద అలిగినవ్ గదా. తప్పు దానిది కాదు."

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుని మక్కచేలు చూస్తూ వచ్చింది. తప్పు దానిది కాదంటే మరెవరిది? ఒక్క మాట. 'రాలే' అనే ఒక్క మాట తన నోటి నుంచి వచ్చింది. అతను ఇంటికి రాకుండా ఆపింది తనే. ఊరు దాటిపోతున్నా ఆమె లేవలేదు, కండక్టరే గుర్తుపట్టి బస్సు ఆపించాడు.

* * *

పెత్రమాస నాడు నాలుగింటికి లేచింది. సత్తవ్వ గురక పెడుతోంది. ముందురోజు సిరిసిల్ల నుంచి వచ్చిన హన్మండ్లు వసారాలో నిండా కప్పుకుని పడుకున్నాడు. గోడకు అంజయ్య మోకు వేలాడుతోంది, పదకొండేళ్ళుగా అదే మేకుకు. రేణుక తలుపు చప్పుడు కాకుండా దాటి, దుర్బీన్ చెంగులో చుట్టుకుని, చేను గట్టు మీద నడిచి తాళ్ళ దాకా పోయింది.

వాన వెలిసి మూడు రోజులైంది. నేల మెత్తగా ఉంది, వరి పొట్టకొచ్చిన వాసన. తల ఎత్తింది. ఆరేళ్ళ తర్వాత ఎత్తిన తల, మెడలో ఎముక కలుక్కుమంది. ఎత్తగానే ఒక్కసారి భయమేసింది. ఇంత ఆకాశం ఇక్కడే ఉందా? తాను బీడీలు చేస్తున్నన్నాళ్ళూ ఇది ఇట్లాగే ఉందా? మూడు చుక్కల గొర్రుకొయ్యలు దక్షిణాన నిలువునా నిలబడ్డాయి. పిల్లలకోడి నెత్తి మీద నుంచి అప్పుడే పడమటికి ఒరుగుతోంది. పొలంలో నీళ్ళలో కూడా చుక్కలు. తాను ఏ చుక్కల మధ్య నిలబడిందో, కాళ్ళు నేల మీదే ఉన్నాయో లేదో ఆమెకు తెలియలేదు. గాలి వీస్తే నీళ్ళలోవి కదిలాయి, పైనవి కదల్లేదు.

మామూలు కంటికి ఆ చోటు ఖాళీగానే ఉంది. దుర్బీన్ ఎత్తి వెతికింది. అది చేతిలో నిలవక చుక్కలన్నీ చెదిరిపోయాయి. తాటిచెట్టుకు వీపు ఆనించి, ఊపిరి బిగబట్టి, మళ్ళీ చూసింది. అక్కడ, రెండు తెల్ల చుక్కల నడుమ, ఆరిపోయిందనుకుని పారేసిన బీడీ కొనలా, ఎర్రగా.

ఉంది.

చూస్తూ ఉండిపోయింది. చూసినకొద్దీ అది పెరిగింది. ఎర్రబడింది, దగ్గరికొచ్చింది, వచ్చేసిందనిపించింది. ముసలాయన మాట గుర్తొచ్చి చూపు తిప్పింది. పక్క చుక్కను చూసింది. మళ్ళీ ఒక్కసారి మాత్రం దీన్ని చూసింది. సన్నగా ఉంది. మిణుకుమంటూ ఉంది. తన ఆశ తీసేస్తే మిగిలింది అంత. కాని తన ఆశంతా తీసేసినా అది ఉంది, అది అబద్ధం కాదు. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడ్చింది. దుర్బీన్ అద్దాలు తడిశాయి.

"ఎవలది కింద?"

పై నుంచి వచ్చిన గొంతుకు ఆమె ఉలిక్కిపడింది. పక్క తాటి మీద సమ్మయ్య. అంజయ్య చెట్లు ఇప్పుడు గీస్తున్నది అతనే. పండుగపూట కల్లుకు గిరాకీ ఎక్కువని తెల్లారకముందే ఎక్కాడు.

"నేనే, రేణుకను."

"ఏం చూస్తున్నవ్ వదినె గిప్పుడు?"

"అలిగిన చుక్కను."

"ఓ, గదా!" సమ్మయ్య కత్తి చెట్టు మీద టకటకమంది. "నాలుగు రోజులాయె లేవబట్టి. నీకు గా అద్దాలు గావాలె గని మాకెందుకు? చెట్టు మీదున్నోనికి పొద్దుగాల గది కనబడకపోతే ఇంకేం కనబడ్తది? అన్న ఉండంగ ఇద్దరం చెరొక చెట్టు మీదికెల్లి దాన్ని చూసుకుంటనే ముచ్చటపెడ్దుం."

సమ్మయ్య తన పనిలో పడ్డాడు. రేణుక మాత్రం కదలలేదు.

చెట్టు మీదున్నవాడికి, పొద్దుగాల.

*ఈడ ఇంకా తెల్లారలే. చెట్టు మీదికెల్లే మాట్లాడుతున్న.*

ఆనాడు ఇక్కడ పొద్దు పొడిచింది, అక్కడ ఇంకా చీకటే. ఖర్జూరపు చెట్టు మట్టల్లో కూర్చుని ఉన్నాడు. ఎడారి మీద మబ్బు లేదు. తూర్పున కిందికి, సాఫ్‌గా, పెద్దదానికన్నా కొంచెం తక్కువగా అది అతని ఎదురుగా ఉంది. పుట్టినప్పటి నుంచి దాన్ని ఎరిగిన మనిషి. దాన్ని చూస్తూనే ఫోన్ చేశాడు. దాన్ని చూస్తూనే 'అచ్చిందా?' అని అడిగాడు.

తెలియక అడగలేదు. ఆమె నోటితో 'అచ్చింది, ఇగ రా' అనే మాట వినాలని అడిగాడు. ఐదేళ్ళు ఉత్త చేతులతో గడిపినవాడు, ఇంటికి ఏ ముఖంతో రావాలో తెలియనివాడు, ఒక్క పిలుపు అడిగాడు. ఆమె చుక్క గురించి జవాబు చెప్పింది. అదీ రెండుసార్లు.

"నేను పిలువలేదు," అంది రేణుక, తాటిచెట్టుతో. "నేను పిలువనే లేదు."

ఆకాశం తెల్లబడే దాకా అక్కడే కూర్చుంది. ముందు చిన్న చుక్కలు పోయాయి. తర్వాత ఎర్రది పోయింది. అది ఉన్న చోటు ఆమెకు ఇప్పుడు తెలుసు.

* * *

అయ్యగారు బండి మీద ఇల్లిల్లూ తిరుగుతున్నాడు. ఇంకా పదహారిళ్ళున్నాయి, అందుకని వస్తూనే తొందర చేశాడు. వాకిట్లో పీట వేశారు. హన్మండ్లు తలంటుకుని తండ్రి పేరు చెప్పి బియ్యం ఇచ్చాడు, పెదనాయన పేరు చెప్పి ఇచ్చాడు. మూడో చాటలో బియ్యం, పప్పు, ఒక సొరకాయ మిగిలి ఉన్నాయి. అతను వదినె ముఖం చూశాడు. సత్తవ్వ కోడలి ముఖం చూడలేక నేలకేసి చూసింది.

"గీ చాట నేనిస్త," అంది రేణుక.

"నువ్వా?" హన్మండ్లు తడబడ్డాడు. "ఇచ్చినంక..." అతని చూపు ఆమె మెడ వైపు పోయి వెనక్కొచ్చింది.

"నాకెర్కే."

"ఆడవాళ్ళు ఇచ్చుడు లేదమ్మా," అన్నాడు అయ్యగారు. ఆమె అప్పటికే చాట ఎత్తుకుని ఎదురుగా కూర్చుంది. ఆయన గడియారం చూసుకున్నాడు. "సరే కానీ. పేరు చెప్పు. ఏ ఏడు కాలం చేసిండు?"

"అయ్యా, ఈ పేరు పోయినోళ్ళల్ల కలుపకు. ఉన్నోళ్ళల్ల సుత కలుపకు. ఏడున్నడో నాకెర్కలేదు. నీ మంత్రం వద్దు. నేను పిలుస్త, నువ్వు ఇను చాలు. ఆనాడు పిలువలేదు. గది నా మీదున్నది."

రేణుక చాట కింద పెట్టి దోసిలి నిండా బియ్యం తీసుకుంది. ఇరవై రెండేళ్ళు అనని పేరు. నాలుకకు దాని దారి తెలియదు. రేషన్ దుకాణంలో రాలేదు, జగిత్యాల ఆఫీసులో రాలేదు. ఇంటి కప్పు మీదుగా తాళ్ళ వైపు చూసింది. పగటి వెలుతురు తప్ప అక్కడేం లేదు. చుక్క ఇప్పుడు ఆ వెలుతురు వెనక ఎక్కడో ఉంటుంది, కనబడదంతే.

"అంజయ్యా," అంది.

దోసిలి ఇంకొంచెం పైకెత్తింది.

"అంజయ్యా. చుక్క అచ్చింది. నేను చూసిన. ఇగ ఇంటికి రా."

దోసిలిలో బియ్యం చాటలోకి జారాయి. హన్మండ్లు ముఖం అటు తిప్పుకున్నాడు. మంత్రం ఏది చెప్పాలో తోచక అయ్యగారు సొరకాయను సర్దాడు.

సత్తవ్వ గోడ పట్టుకుని లేచింది. మెల్లగా వచ్చి కోడలి పక్కన కూలబడి, కోడలి నుదుటి మీద చెమటకు కారుతున్న బొట్టును తన చెంగుతో చుట్టూ తుడిచి, మధ్యలో బొట్టు మాత్రం ఉండనిచ్చింది.

"మళ్ళ పిలువు బిడ్డా," అంది. "చిన్నప్పటికెల్లి గంతే వాడు. ఇన్న సుత ఇననట్టే కూసుంటడు చెట్టు మీద. ఒక్క పిలుపుకు ఎన్నడు దిగలే."

రేణుక మళ్ళీ పిలిచింది.